పీల్చే మత్తుమందులు గుండెపై ఎలా పనిచేస్తాయి: పడే బీపీ ఒకటే, దారులు వేరు

ఐరోపా సమాఖ్యలో 2026 జనవరి 1 నుంచి డెస్‌ఫ్లురేన్ అనే మత్తుమందు వాడకంపై నిషేధం అమల్లోకి వచ్చింది. వైద్యపరంగా తప్పనిసరి అయితే తప్ప దాన్ని వాడకూడదు. స్కాట్లండ్ 2023లోనే దీన్ని పక్కన పెట్టింది. కారణం రోగుల భద్రత కాదు, వాతావరణం. నూరేళ్ల లెక్కన చూస్తే డెస్‌ఫ్లురేన్ అదే బరువున్న కార్బన్ డయాక్సైడు కన్నా సుమారు 2,500 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఒక మందు పోయి మరొకటి వచ్చినప్పుడు గుండెజబ్బు ఉన్నవారికి, వారి కుటుంబాలకు సహజంగానే ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఈ మందుల మధ్య గుండె విషయంలో తేడా ఉందా? ఉంటే ఎంత?

క్లుప్తంగా చెప్పాలంటే, నేడు వాడుకలో ఉన్న పీల్చే మత్తుమందులు (నైట్రస్ ఆక్సైడు, జెనాన్ వాయువులు తప్ప) అన్నీ మోతాదు పెరిగేకొద్దీ రక్తపోటును తగ్గిస్తాయి. సమానమైన మోతాదులో ఈ తగ్గుదల దాదాపు సమానంగానే ఉంటుంది. అది జరిగే దారి మాత్రం వేరు. ఒకప్పుడు విరివిగా వాడిన హాలోథేన్ గుండె కండరాన్ని బలహీనపరిచి రక్తపోటును దించేది. ఐసోఫ్లురేన్, సెవోఫ్లురేన్, డెస్‌ఫ్లురేన్ ప్రధానంగా రక్తనాళాలను సడలించి దించుతాయి. ఆరోగ్యవంతుడి గుండెకు ఈ తేడా పెద్దగా తెలియదు. కవాటం ఇరుకైన గుండెకు, కండరం మందగించిన గుండెకు అదే తేడా కీలకమవుతుంది.

పంపు, గొట్టాలు, కాపలాదారు

గుండె నిమిషానికి పంపే రక్తం ఎంత, దానికి చిన్న ధమనులు ఇచ్చే అడ్డు ఎంత అన్న రెండింటి గుణకారమే రక్తపోటు. గుండె పంపే రక్తం మళ్లీ రెండింటిపై ఆధారపడుతుంది: నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోంది, ఒక్కో దెబ్బకు ఎంత రక్తం నెడుతోంది. విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో ఇది నిమిషానికి 5 లీటర్ల చుట్టూ ఉంటుంది.

మోటారు బలం తగ్గినా, గొట్టం వెడల్పైనా కుళాయి దగ్గర ధార ఒకేలా సన్నబడుతుంది. ధారను మాత్రమే చూసేవారికి లోపం ఎక్కడుందో తెలియదు. ఆపరేషన్ బల్ల పక్కన తెరమీద కనిపించే రక్తపోటు అంకె పరిస్థితి కూడా ఇదే. 120 ఉన్న అంకె 90కి దిగిందంటే గుండె నీరసించి ఉండవచ్చు, నాళాలు వదులై ఉండవచ్చు, రెండూ కావచ్చు.

వీటిపై ఒక కాపలా వ్యవస్థ కూడా ఉంది. మెడలోని కెరోటిడ్ ధమనుల్లో, బృహద్ధమని వంపులో రక్తపోటు గ్రాహకాలు ఉంటాయి. రక్తపోటు తగ్గగానే అవి మెదడుకు కబురు పంపుతాయి. మెదడు గుండె వేగాన్ని పెంచి, నాళాలను బిగిస్తుంది. పడుకున్న మనిషి ఒక్కసారిగా లేచినా కళ్లు తిరగకుండా కాపాడేది ఈ ప్రతిచర్యే. పీల్చే మత్తుమందులు పంపును, గొట్టాలను మాత్రమే కాదు, ఈ కాపలాను కూడా మందగింపజేస్తాయి. మామూలు సమయంలో శరీరం తేలిగ్గా సర్దుకునే రక్తనష్టం మత్తులో ఉన్నవారిలో రక్తపోటును నిలువునా దించడానికి కారణం ఇదే.

సమానమైన మోతాదు అంటే

రెండు మందులను పోల్చాలంటే ముందు వాటి మోతాదులను సమానం చేయాలి. 1960లలో మత్తు వైద్యుడు ఎడ్మండ్ ఎగర్, ఆయన సహచరులు ఇందుకు ఒక కొలబద్దను స్థిరపరిచారు. చర్మంపై కోత పెట్టినప్పుడు సగం మంది కదలకుండా ఉండటానికి ఊపిరితిత్తుల్లోని గాలిలో ఎంత శాతం మందు కావాలో అదే ఆ మందుకు ‘ఒక మ్యాక్’. హాలోథేన్‌కు అది సుమారు 0.75 శాతం, ఐసోఫ్లురేన్‌కు 1.2, సెవోఫ్లురేన్‌కు 2, డెస్‌ఫ్లురేన్‌కు 6. నైట్రస్ ఆక్సైడుకు 104 శాతం. అంటే వాతావరణ పీడనంలో ఆ ఒక్క వాయువుతోనే పూర్తి మత్తు ఇవ్వడం సాధ్యం కాదు.

ఈ విలువ వయసుతో మారుతుంది. నలభై దాటాక పదేళ్లకు దాదాపు 6 శాతం చొప్పున తగ్గుతూ పోతుంది. ఎనభై ఏళ్లవారికి కావలసిన మందు నలభై ఏళ్లవారికన్నా ఐదోవంతుకు పైగా తక్కువ. యంత్రంపై అదే అంకె ఉంచితే వృద్ధుడు అవసరానికి మించిన మోతాదు పీలుస్తున్నట్టే. ఆపరేషన్ సమయంలో వృద్ధుల రక్తపోటు పడిపోవడంలో కొంత భాగం మందు స్వభావం వల్ల కాదు, ఈ లెక్క తప్పడం వల్లే జరుగుతుంది.

కణంలో జరిగేది

గుండె కండర కణం ముడుచుకోవాలంటే కాల్షియం కావాలి. ప్రతి దెబ్బకు ముందు కణపు పొరలోని ద్వారాల గుండా కొద్దిపాటి కాల్షియం లోపలికి వస్తుంది. ఆ కాస్తా లోపలి నిల్వలను తెరిపించి పెద్దమొత్తంలో కాల్షియాన్ని విడుదల చేయిస్తుంది. అప్పుడు కండరపు పోగులు ఒకదానిపై ఒకటి జారి కణం కుదించుకుంటుంది. పీల్చే మత్తుమందులు ఈ గొలుసును పలుచోట్ల సడలిస్తాయి. పొరలోని ద్వారాల నుంచి వచ్చే కాల్షియం తగ్గుతుంది. కాల్షియానికి పోగులు స్పందించే తీరు కాస్త మొద్దుబారుతుంది. హాలోథేన్ మరో అడుగు ముందుకు వేసి, లోపలి నిల్వల నుంచి కాల్షియం కారిపోయేలా చేస్తుంది. తర్వాతి దెబ్బకు విడుదల కావలసిన నిల్వ అప్పటికే తరిగి ఉంటుంది. హాలోథేన్ కింద గుండె మిగతావాటికన్నా ఎక్కువగా నీరసించడానికి ఇదొక ముఖ్య కారణం.

రక్తనాళాల గోడల్లోని కండరానికి కూడా కాల్షియమే ఆధారం. అక్కడ దాని రాక తగ్గితే నాళం వదులవుతుంది. ఐసోఫ్లురేన్ కుటుంబం ఈ పనిని గుండెలోకన్నా నాళాల్లోనే బలంగా చేస్తుంది.

రెండు దారులు

హాలోథేన్‌ను 1951లో బ్రిటన్‌లోని ఐసీఐ సంస్థలో రసాయన శాస్త్రజ్ఞుడు చార్లెస్ సక్లింగ్ తయారు చేశారు. 1956లో మాంచెస్టర్ వైద్యుడు మైఖేల్ జాన్‌స్టన్ దాన్ని రోగులకు వాడటం మొదలుపెట్టారు. నిప్పంటుకోని మత్తుమందు కావడంతో, తేలిగ్గా మండే పాత మత్తుమందు ఈథర్‌ను త్వరగానే వెనక్కి నెట్టింది. గుండెపై దాని ముద్ర స్పష్టమైనది. రక్తపోటు పడుతుంది, గుండె పంపే రక్తం తగ్గుతుంది, కుడి కర్ణికలో (గుండె పై గదిలో) పీడనం పెరుగుతుంది, నాళాల నిరోధం మాత్రం దాదాపు మారదు. గుండె వేగం కూడా పెరగదు. రక్తపోటు తగ్గినప్పుడు గుండె వేగం పెరగడం సహజం. అది జరగలేదంటే కాపలా ప్రతిచర్య దాదాపు మూగబోయిందని అర్థం.

1980ల నుంచి విస్తృతంగా వాడుకలోకి వచ్చిన ఐసోఫ్లురేన్ చిత్రాన్ని తలకిందులు చేసింది. రక్తపోటు అంతే పడుతుంది. గుండె పంపే రక్తం మాత్రం చాలావరకు నిలబడుతుంది. నాళాలు వదులై నిరోధం తగ్గుతుంది. కాపలా వ్యవస్థ పూర్తిగా అణగదు కాబట్టి గుండె వేగం పెరిగి లోటును కొంత పూడుస్తుంది. ఒక్కో దెబ్బకు వచ్చే రక్తం కాస్త తగ్గినా దెబ్బల సంఖ్య పెరిగి లెక్క సరిపోతుంది. యువకుల్లో ఈ వేగం బాగా కనిపిస్తుంది, వృద్ధుల్లో అంతగా కనిపించదు.

1990లో జపాన్‌లో వాడుకలోకి వచ్చిన సెవోఫ్లురేన్ ఈ రెండింటికీ నడుమ హాయిగా నిలిచింది. నాళాలను సడలిస్తుంది, గుండె కండర బలాన్ని కొద్దిగానే తగ్గిస్తుంది, మామూలు మోతాదుల్లో వేగాన్ని పెద్దగా కదిలించదు. ఘాటు వాసన లేకపోవడం వల్ల పిల్లలకు ముసుగుతో మత్తు ఇవ్వడానికి కూడా అదే అనుకూలమైంది. హాలోథేన్ చాలా దేశాల్లో కనుమరుగు కావడానికి కాలేయంపై దాని అరుదైన దుష్ప్రభావం ఒక కారణమైతే, పిల్లల గుండెను అది అతిగా నెమ్మదింపజేయడం మరొకటి. సెవోఫ్లురేన్‌లోనూ ఒక మినహాయింపు ఉంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో మత్తు ఎక్కుతున్నప్పుడు గుండె వేగం గణనీయంగా తగ్గవచ్చు. మత్తు వైద్యులు ముందే జాగ్రత్తపడే సందర్భాల్లో ఇదొకటి.

డెస్‌ఫ్లురేన్: వేగమే చిక్కు

డెస్‌ఫ్లురేన్ రక్తంలో చాలా తక్కువగా కరుగుతుంది. అందుకే మెదడుకు త్వరగా చేరుతుంది, త్వరగా వదులుతుంది. గంటల తరబడి సాగిన ఆపరేషన్ తర్వాత కూడా రోగి నిమిషాల్లో తెలివిలోకి రావడం దాని ప్రధాన ఆకర్షణ. సుమారు 23 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది కాబట్టి దానికి విద్యుత్తుతో వేడిచేసే ప్రత్యేకమైన వేపరైజర్ (మందును ఆవిరిగా మార్చి అందించే పరికరం) కావాలి.

నిలకడగా ఇచ్చినప్పుడు గుండెపై దాని ప్రభావం ఐసోఫ్లురేన్‌ను పోలి ఉంటుంది. చిక్కంతా మోతాదు మార్చే వేగంలో ఉంది. ఊపిరితిత్తుల్లో పాళ్లను 6 శాతం దాటించి ఒక్కసారిగా పెంచితే రక్తపోటు తగ్గడానికి బదులు పైకి దూసుకుపోతుంది. గుండె దడదడలాడుతుంది. రక్తంలో అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ పెరుగుతాయి. పరీక్షకు స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఆరోగ్యవంతులపై 1990లలో థామస్ ఎబర్ట్, మైఖేల్ ముజీ చేసిన పరిశీలనల్లో ఇది స్పష్టంగా నమోదైంది. ఘాటైన ఆవిరి గాలిగొట్టాల్లోని, ఊపిరితిత్తుల్లోని గ్రాహకాలను గిచ్చడం, ఆ కబురుకు సింపథెటిక్ నాడీవ్యవస్థ (ఆపదలో గుండెను, నాళాలను ఉరికించే నాడులు) ఒక్కసారిగా ఉలిక్కిపడటం దీనికి కారణమని భావిస్తారు. కొన్ని నిమిషాల్లో ఈ ఉప్పెన తగ్గుతుంది. ముందుగా ఫెంటానిల్ వంటి బలమైన నొప్పిమందు ఇస్తే చాలావరకు అణుగుతుంది.

యువకుడికి ఈ కొన్ని నిమిషాలు ఒక లెక్కలోకి రావు. హృద్ధమనుల్లో (గుండె కండరానికి రక్తం అందించే ధమనుల్లో) పూడికలు ఉన్నవారికి వస్తాయి. గుండె వేగం పెరిగితే దానికి కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. అదే సమయంలో గుండె విశ్రమించే వ్యవధి కుదించుకుపోతుంది. ఎడమ జఠరిక (శరీరానికి రక్తం నెట్టే గుండె గది) కండరానికి రక్తం ప్రధానంగా ఆ వ్యవధిలోనే చేరుతుంది. అవసరం పెరిగి సరఫరా తగ్గడమంటే గుండెపోటుకు దారి వేయడమే. రక్తపోటు తగ్గుదల గురించి అందరూ ఆందోళన పడతారు కానీ, హృద్రోగుల విషయంలో దడను కూడా అంతే తీవ్రంగా పట్టించుకోవాలి.

లయ తప్పినప్పుడు: క్లోరోఫాం నేర్పినది

మత్తుమందు గుండెను ఆపగలదా అన్న వివాదం క్లోరోఫాంతో మొదలైంది. ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ 1847 నవంబరులో దాన్ని వాడుకలోకి తెచ్చారు. మూడు నెలలు తిరగకముందే, 1848 జనవరి 28న, ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ సమీపంలో పదిహేనేళ్ల హానా గ్రీనర్ కాలిగోరు తొలగించే చిన్న చికిత్సలో మరణించింది. బాలిక నిమిషాల్లోనే పోయింది. ముందు ఆగింది శ్వాసా లేక గుండెనా?

ఆ ప్రశ్నపై వైద్యలోకం అరవై ఏళ్లకు పైగా రెండుగా చీలిపోయింది. లండన్ వైద్యుడు జాన్ స్నో పాళ్లు కొలిచి ఇవ్వాలని, గాఢమైన ఆవిరి గుండెను నేరుగా దెబ్బతీస్తుందని వాదించారు. సింప్సన్ సంప్రదాయంలోని వారు శ్వాసను చూసుకుంటే చాలునన్నారు. ఈ రెండో పక్షానికి బలమైన గొంతుక హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. నిజాం ఆర్థిక సాయంతో 1888లోను, 1889లోను రెండు క్లోరోఫాం కమిషన్లు ప్రయోగాలు జరిపాయి. రెండోదాన్ని గమనించడానికి లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చారు. వందల జంతువులపై ప్రయోగాల తర్వాత తేలిందేమిటంటే, ముందు శ్వాస ఆగుతుంది, గుండె ఆగేది ఆ తర్వాతే. బ్రంటన్ కూడా ఆ నిర్ణయంతో ఏకీభవించారు.

ప్రయోగాల్లో కనిపించింది నిజమే. అడిగిన ప్రశ్నే అసంపూర్ణం. క్లోరోఫాం మోతాదును పెంచుకుంటూ పోతే నిజంగానే శ్వాసే ముందు ఆగుతుంది. ఆపరేషన్ థియేటర్లలో హఠాత్తుగా పోయినవారు మాత్రం చాలావరకు లోతైన మత్తులో లేరు. మత్తు ఇంకా ఎక్కుతూ ఉండగా, భయంతో పెనుగులాడుతూ, అడ్రినలిన్ ఉరకలు వేస్తున్న సమయంలో పోయారు. 1911లో గుడ్‌మన్ లెవీ ఆ పరిస్థితినే పిల్లులపై పునఃసృష్టించారు. తేలికపాటి క్లోరోఫాం మత్తులో ఉన్న పిల్లికి అడ్రినలిన్ ఎక్కించగానే జఠరికలు లయ తప్పి గిలగిలలాడి ఆగిపోయాయి. మందు ఒక్కటే కాదు, మందూ అడ్రినలినూ కలిసి ప్రాణం తీస్తున్నాయని అప్పుడు తెలిసింది.

ఆ పాఠం హాలోథేన్ కాలంలో నేరుగా పనికివచ్చింది. హాలోథేన్‌కూ అదే గుణం ఉంది. రక్తస్రావం తగ్గడానికి సర్జన్లు కోత పెట్టే చోట అడ్రినలిన్ ఎక్కించడం మామూలే. సగం మంది రోగుల్లో జఠరికల అదనపు దెబ్బలు పుట్టించడానికి హాలోథేన్ మత్తులో కిలో బరువుకు సుమారు 2.1 మైక్రోగ్రాముల అడ్రినలిన్ చాలునని, ఐసోఫ్లురేన్ మత్తులో 6.7 మైక్రోగ్రాములు కావాలని 1976లో వెలువడిన కొలతలు చూపాయి. క్లోరోఫాం, హాలోథేన్ రెండూ ఆల్కేన్ వర్గానికి చెందినవి. ఐసోఫ్లురేన్, సెవోఫ్లురేన్, డెస్‌ఫ్లురేన్ ఈథర్ వర్గానివి. అణువులో ఒక ఆక్సిజన్ వంతెన చేరడంతో అడ్రినలిన్ పట్ల గుండెకున్న ఆ ప్రమాదకరమైన చురుకుదనం చాలావరకు తగ్గిపోయింది. ఈ రంగంలో గుండె భద్రతకు జరిగిన అతి పెద్ద మేలు బహుశా ఇదే.

ఈసీజీలో క్యూటీ అనే విరామాన్ని (ఒక దెబ్బలో జఠరికల విద్యుత్తు మొదలై సర్దుకునేవరకు పట్టే సమయాన్ని) కూడా ఈ మందులు పొడిగిస్తాయి. మామూలు రోగుల్లో దీనివల్ల ప్రాణాంతకమైన లయభంగం కలగడం చాలా అరుదు. పుట్టుకతో ఆ విరామం పొడుగ్గా ఉన్నవారికి మాత్రం ప్రొపోఫాల్ వంటి సిర ద్వారా ఇచ్చే మందును ఎంచుకోవడం పరిపాటి.

హృద్ధమనులపై ఒక భయం, ఒక ఆశ

1983లో స్వీడన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం ఐసోఫ్లురేన్‌పై భయం పుట్టించింది. ఆ మందు గుండెలోని సన్నని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. ఒక ధమని పూర్తిగా మూసుకుపోయి, దాని ప్రాంతం పక్క ధమని నుంచి వచ్చే శాఖలపై ఆధారపడి బతుకుతోందని అనుకుందాం. ఆ ప్రాంతపు నాళాలు అప్పటికే పూర్తిగా తెరుచుకుని ఉంటాయి, ఇంకా తెరుచుకోలేవు. ఆరోగ్యకరమైన ప్రాంతపు నాళాలు మందుతో వెడల్పైతే రక్తం అటు మళ్లి, అవసరం ఉన్న చోటికి తగ్గుతుంది. సిద్ధాంతంగా ఇది దృఢమైనదే. అయితే బైపాస్ శస్త్రచికిత్స చేయించుకున్న వెయ్యి మందికి పైగా రోగులపై 1989లో ప్రచురితమైన పరీక్షలో ఐసోఫ్లురేన్‌కూ ఇతర మందులకూ మధ్య ఫలితాల్లో తేడా కనిపించలేదు. రక్తపోటు బాగా పడకుండా, దడ రాకుండా చూసుకుంటే ఈ దారి మళ్లింపు ఆచరణలో సమస్య కాదని తేలింది.

1990ల చివర్లో కథ పూర్తిగా ఎదురు తిరిగింది. గుండెకు కొద్ది నిమిషాలు రక్తం ఆపి మళ్లీ వదిలితే, ఆ తర్వాత వచ్చే పెద్ద దెబ్బను అది మెరుగ్గా తట్టుకుంటుందని 1986లో కుక్కలపై ప్రయోగాలు చూపాయి. రక్తం ఆపే పని లేకుండానే, పీల్చే మత్తుమందు ఇచ్చినా అదే రక్షణ వస్తుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాల పొటాషియం ద్వారాలు తెరుచుకోవడం ఈ రక్షణకు మూలమని గుర్తించారు. భయపడిన మందే కాపాడుతుందన్న ఆశ బలంగా వ్యాపించింది. బైపాస్ ఆపరేషన్లలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్) తక్కువగా విడుదలవుతోందని చిన్న అధ్యయనాలు చెప్పాయి.

తీర్పు 2019లో వచ్చింది. 13 దేశాల్లోని 36 ఆసుపత్రుల్లో 5,400 మంది బైపాస్ రోగులపై మిరియాడ్ పరీక్ష జరిగింది. సగం మందికి పీల్చే మందు, సగం మందికి పూర్తిగా సిర ద్వారా ఇచ్చే మందు. ఏడాదిలో మరణాలు మొదటి వర్గంలో 2.8 శాతం, రెండో వర్గంలో 3.0 శాతం. ఆ తేడాను లెక్కలోకి తీసుకోలేం. ప్రయోగశాలలో కనిపించిన రక్షణ అబద్ధం కాదు. గుండె ఆపరేషన్ చేయించుకునే రోగుల్లో ఇతర మందులు, మధుమేహం, శస్త్రచికిత్సే కలిగించే మార్పులు దాన్ని కప్పేస్తూ ఉండవచ్చు. ఏమైనా, గుండెను కాపాడటం కోసమే పీల్చే మందును ఎంచుకోవాలన్న వాదనకు ఇక బలం లేదు.

నైట్రస్ ఆక్సైడు, జెనాన్

నైట్రస్ ఆక్సైడు గుండె కండర బలాన్ని నేరుగా కొద్దిగా తగ్గిస్తుంది, అదే సమయంలో సింపథెటిక్ వ్యవస్థను ప్రేరేపిస్తుంది. ఒకదాన్నొకటి సరిదిద్దుకోవడంతో రక్తపోటు చాలావరకు నిలబడుతుంది. దాన్ని కలిపితే ప్రధాన మందు పాళ్లు తగ్గించుకోవచ్చు. ఊపిరితిత్తుల ధమనుల్లో పీడనం ఇప్పటికే ఎక్కువగా ఉన్నవారిలో అది మరింత పెరగవచ్చు. విటమిన్ బి12పై ఆధారపడే ఒక ఎంజైమును అణచి రక్తంలో హోమోసిస్టీన్‌ను (గుండెజబ్బులతో ముడిపడిన ఒక పదార్థాన్ని) పెంచుతుంది కాబట్టి గుండెపోట్లు పెరుగుతాయేమోనన్న అనుమానం ఉండేది. 7,112 మందిపై జరిగి 2014లో ప్రచురితమైన ఎనిగ్మా-2 పరీక్ష ఆ అనుమానాన్ని నివృత్తి చేసింది.

గుండె కోణంలో ఆదర్శానికి దగ్గరగా ఉన్నది జెనాన్. అది రక్తపోటును గానీ కండర బలాన్ని గానీ దాదాపు కదిలించదు. గాలిలో అతి స్వల్పంగా దొరికే ఆ వాయువును వేరు చేయడం చాలా ఖర్చుతో కూడిన పని. అందుకే విస్తృత వాడకానికి రాలేదు.

రోగి గుండెను బట్టి మారే లెక్క

బృహద్ధమని కవాటం ఇరుకైనవారిలో గుండె పంపే రక్తానికి ఒక గరిష్ఠ హద్దు ఉంటుంది. నాళాలు హఠాత్తుగా వదులైతే ఆ లోటును పూడ్చేందుకు గుండె మరింత పంపలేదు. రక్తపోటు కుప్పకూలుతుంది. దళసరిగా పెరిగిన కండరానికి హృద్ధమనుల ద్వారా చేరే రక్తం తగ్గుతుంది. అక్కడి నుంచి కోలుకోవడం కష్టం. గుండె ఎడమ గదుల మధ్య ఉండే మిట్రల్ కవాటం సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారుతున్నవారిలో ఇందుకు పూర్తిగా విరుద్ధం. నాళాల అడ్డు తగ్గితే రక్తం వెనక్కి పోకుండా ముందుకు పోతుంది, గుండెకు ఉపశమనమే.

కండరం అతిగా పెరిగి రక్తం బయటికి పోయే దారినే మూసేసే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతిలో ఇంకో విచిత్రం ఉంది. అక్కడ గుండె గట్టిగా ముడుచుకుంటేనే దారి మరింత ఇరుకవుతుంది. కాబట్టి కండరాన్ని నీరసింపజేసి, వేగాన్ని తగ్గించి, నాళాల నిరోధాన్ని పెద్దగా మార్చని హాలోథేన్ ఒకప్పుడు ఈ రోగులకు ఇష్టమైన మందు. దాని ప్రధాన దోషమే ఇక్కడ గుణమైంది. ఫాలో టెట్రాలజీ అనే పుట్టుకతో వచ్చే గుండెలోపం ఉన్న పిల్లల్లోనూ నాళాల నిరోధం తగ్గకూడదు. తగ్గితే ఆక్సిజన్ లేని రక్తం ఎక్కువగా శరీరంలోకి మళ్లి బిడ్డ నీలంగా మారుతుంది. మందు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు రోగి ఎవరో తెలియకుండా జవాబు ఎందుకు ఉండదో ఈ ఉదాహరణలు చెబుతాయి.

పీల్చే మందు మానేసి ప్రొపోఫాల్ వాడితే గుండెకు సుఖమన్న అభిప్రాయం కూడా సరికాదు. ప్రొపోఫాల్ కూడా నాళాలను సడలిస్తుంది, కాపలా ప్రతిచర్యను మందగింపజేస్తుంది. మత్తు మొదలుపెట్టేటప్పుడు రక్తపోటును బాగా దించేది చాలాసార్లు అదే. ఆపరేషన్‌లో రక్తపోటు అతి తక్కువగా ఉండే సమయాల్లో ఒకటి మత్తు ఎక్కిన తర్వాత, కోత పెట్టకముందు వచ్చే ఆ విరామం. అప్పుడు మందు పూర్తిగా పనిచేస్తూ ఉంటుంది, దానికి ఎదురుగా నిలిచే నొప్పి ప్రేరణ ఇంకా మొదలు కాదు. సగటు ధమని పీడనం 65 దిగువన ఎక్కువసేపు ఉండటానికీ, గుండె కండరానికీ మూత్రపిండాలకూ జరిగే హానికీ సంబంధం ఉందని పెద్ద పరిశీలనలు చూపాయి. అందుకే ఈ విరామంలో మత్తు వైద్యులు రక్తపోటును పెంచే ఫెనిలెఫ్రిన్, ఎఫిడ్రిన్ వంటి మందులు చేతికందే దూరంలో ఉంచుకుంటారు.

రోగి రోజూ వాడే మందులు ఈ లెక్కలోకి వస్తాయి. ఏసీఈ ఇన్‌హిబిటర్లు, ఏఆర్‌బీలు అనే బీపీ మందులు ఆపరేషన్ ఉదయం కూడా వేసుకుంటే మత్తులో రక్తపోటు పడే అవకాశం పెరుగుతుంది. చాలా చోట్ల వాటిని 24 గంటల ముందు ఆపమంటారు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ల సంగతి వేరు. ఏళ్లుగా వాడుతున్నవారు హఠాత్తుగా ఆపితే దడ, ఛాతీనొప్పి తిరగబెట్టవచ్చు కాబట్టి వాటిని కొనసాగించమంటారు. ఏది ఆపాలో సొంతంగా నిర్ణయించుకోవడం రెండు వైపులా ప్రమాదకరం. బంధువుల్లో ఎవరికైనా మత్తులో జ్వరం విపరీతంగా పెరగడం, కారణం తెలియకుండా మరణించడం జరిగి ఉంటే అది తప్పక చెప్పాలి. మాలిగ్నంట్ హైపర్‌థెర్మియా అనే అరుదైన వంశపారంపర్య లోపంలో ఈ మందులన్నీ (నైట్రస్ ఆక్సైడు, జెనాన్ తప్ప) కండరాల్లో కాల్షియాన్ని అదుపు తప్పిస్తాయి. తొలి సూచనల్లో ఒకటి కారణం కనిపించని దడ. డాంట్రోలిన్ వెంటనే ఇస్తే ప్రాణం నిలుస్తుంది.

పీల్చే మందులకు ఒక గట్టి అనుకూలత ఉంది. బయటికి వదిలే ప్రతి ఊపిరిలోనూ వాటి పాళ్లను యంత్రం కొలిచి చూపుతుంది. ఎక్కువైందనిపిస్తే వేపరైజర్ తిప్పి తగ్గిస్తే ఊపిరితిత్తులే దాన్ని బయటికి పంపుతాయి. సిర ద్వారా ఇచ్చిన మందు రక్తంలో ఎంత ఉందో ఇలా అప్పటికప్పుడు నేరుగా కొలవడం మామూలు థియేటర్లలో సాధ్యం కాదు.

డెస్‌ఫ్లురేన్ తప్పుకుంటే

గుండె కోణంలో చూస్తే దాని స్థానంలోకి సెవోఫ్లురేన్ రావడం వల్ల నష్టం కనిపించదు. వేగంగా పెంచినప్పుడు వచ్చే ఉప్పెన సెవోఫ్లురేన్‌లో లేదు. కోల్పోయేది సుదీర్ఘమైన ఆపరేషన్ల తర్వాత, ముఖ్యంగా స్థూలకాయుల్లో, తెలివి రావడంలో కొన్ని నిమిషాల ఆధిక్యం. వాతావరణంపై సెవోఫ్లురేన్ భారం కార్బన్ డయాక్సైడు కన్నా వంద నుంచి రెండు వందల రెట్ల స్థాయిలో ఉంటుంది. పైగా ఒక మ్యాక్‌కు దాని పాళ్లు డెస్‌ఫ్లురేన్‌లో మూడోవంతే.

ఇంతకన్నా లోతైన మార్పు నైట్రస్ ఆక్సైడు విషయంలో జరగవచ్చు. అది వాతావరణంలో వందేళ్లకు పైగా నిలుస్తుంది. ఆసుపత్రుల గోడల్లోని గొట్టాల నుంచి చాలా భాగం రోగికి చేరకుండానే కారిపోతోందని బ్రిటన్ లెక్కల్లో బయటపడ్డాక, అక్కడి ఆసుపత్రులు ఆ గొట్టాలను మూసేస్తున్నాయి. నైట్రస్ ఆక్సైడు లేని థియేటరులో అంతే లోతైన మత్తుకు సెవోఫ్లురేన్ పాళ్లు పెంచాలి, లేదా రెమిఫెంటానిల్ వంటి బలమైన నొప్పిమందు జోడించాలి. మొదటి దారిలో నాళాలు ఇంకాస్త వదులవుతాయి, రెండో దారిలో గుండె వేగం తగ్గుతుంది. కవాటం ఇరుకైన రోగికి రెండోది కొంత నయం. ముందే నెమ్మదిగా కొట్టుకునే గుండె ఉన్నవారికి మొదటిదాన్నే ఎంచుకుని, నాళాలను బిగించే మందును సన్నగా ఎక్కిస్తూ నడపాల్సి ఉంటుంది.